దొరకు కండ్లు చాలన్న సావుకారి

పోయిన వారం సావుకారి కొడుకు ఆదోని నుంచి ఒక గోనెసంచి తెచ్చి, మా ఎమ్మిగనూరు లైబ్రరీలో నా బల్ల పక్కన దించాడు. "నాయన పుస్తకాలు మేడం. మీకే ఇయ్యమని అమ్మతో సెప్పినాడంట" అన్నాడు. అతను వెళ్ళాక ఒక్కొక్క పుస్తకమే తీసి, దుమ్ము దులిపి, లైబ్రరీ ముద్ర వేస్తూ కూర్చున్నాను. సంచి అడుగున నల్ల అట్ట నవల ఉంది. తెరవగానే అందులోంచి వేలెడంత దూది జారి నా ఒళ్ళో పడింది. మామూలు దూది కాదు, పోగులన్నీ దువ్వినట్టు ఒకే వైపుకు తిరిగి, చివరలు సమంగా ఉన్న దూది. దూదిని అట్లా దువ్వే మనిషి, అందులోనూ దాన్ని నవలలో పెట్టి మరిచిపోయే మనిషి, నాకు తెలిసి ఒక్కడే. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ పుస్తకం మీద ముద్ర మాత్రం వేయలేకపోయాను.

ఆయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దలారి. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడి, ఈ పత్తి ఏ రకం, పింజ అంటే దూది పోగు ఎంత పొడుగు, తేమ ఎంత అని వేళ్ళతోనే తేల్చి చెప్పే పని. చిటికెడు దూది తీసి రెండు బొటనవేళ్ళ కింద నొక్కి లాగేవాడు. ఊడివచ్చిన సగాన్ని మిగతా సగం మీద పరిచి మళ్ళీ లాగేవాడు. ఐదారుసార్లు అట్లా చేసేసరికి పోగులు వరసలో నిలబడతాయి. వాటిని నల్లటి దేని మీదైనా పెడితే పొడుగు ఇట్టే కనిపిస్తుంది. తక్కిన దలారులు అందుకని జేబులో నల్లగుడ్డ ముక్క పెట్టుకుంటారు. ఈయన నల్ల అట్ట నవలను చంకలో పెట్టుకుని తిరిగేవాడు.

కొత్తగా వచ్చిన రైతులు అది పత్తి శాస్త్రం అనుకునేవారు. దేవనకొండ నుంచి వచ్చిన రైతు ఒకాయన బెదురుబెదురుగా, "ఆ బుక్కులో మా పత్తి గురించి ఏమి రాసినారు సావుకారీ?" అని అడిగాడట. "మీ పత్తి గురించి గాదప్పా, మనుసుల రగతం తాగే దొర గురించి రాసినారు" అన్నాడట ఈయన. ఆ రైతు మళ్ళీ ఈయన వైపు రాలేదు. ఆ సంగతి ఆయనే నాకు నాలుగుసార్లు చెప్పి, నాలుగుసార్లూ మొదటిసారి విన్నట్టు నవ్వాడు.

లాగి చూడడం ఆయనకు చేతి అలవాటు. ఇడ్లీ తుంచి రెండు వేళ్ళ మధ్య పెట్టి లాగి, "పింజ లేదు, ఉద్దిబ్యాళ్ళు తక్కువేసినారు" అని మినప్పప్పు లెక్క తేల్చేవాడు. పెళ్ళికి పోతే వియ్యంకుడి కండువా అంచు పట్టుకుని వడికిన నూలు ఎక్కడిదో చెప్పేవాడు. మనుషులనూ అంతే. పొగిడేవాళ్ళకు, ఊరికే కంటతడి పెట్టేవాళ్ళకు "తేమ ఎక్కువ" అని పేరు. మాట మీద నిలబడనివాళ్ళకు "పింజ లేదు". నన్ను మొదటిసారి చూసినప్పుడు, పుస్తకం పేజీ మడిచిన ఒక డిగ్రీ విద్యార్థిని నేను కడిగేస్తున్నాను. అదంతా నిలబడి విని, "కోపం రొంత ఎక్కువే గానీ, పింజ ఉండాది తల్లీ నీకు" అన్నాడు. నా ఉద్యోగంలో పై అధికారులు కూడా అంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

పేజీలు మడవడం, పుస్తకంలో గీతలు గీయడం ఆయనకూ గిట్టేది కాదు. ఆ నల్ల అట్ట నవల ముప్పై ఏళ్ళుగా ఆయన చంకలో నలిగినా లోపల ఒక్క చుక్క సిరా మరక ఉండేది కాదు. దూది మాత్రం ఎక్కడబడితే అక్కడ దొరికేది. దూది పుస్తకానికి హాని చేయదని ఆయన వాదన.

ఆ నవల సంగతి చెప్పాలి. మూడు వందల ఏళ్ళ కిందట చచ్చి, చావు పూర్తిగా రాక, పాడుబడ్డ బురుజులో ఉంటూ, పొద్దు గూకాక ఊళ్ళ మీదికి దిగే ఒక దొర కథ. మనుషుల రక్తమే ఆయన ఆహారం. కానీ ఇంట్లోవాళ్ళు "లోపలికి రా" అని పిలిస్తే తప్ప ఏ గడపా దాటలేడు. ముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైంది. మా వైపు దాన్ని చదవని ఇల్లు ఉండొచ్చు గానీ, వినని ఇల్లు లేదు. "మన సీమలో ఆ దొరకు ఏమి కష్టం తల్లీ?" అనేవాడు సావుకారి. "గడప ముందర ఎవురన్నా నిలబడితే పేరు గూడ అడగరు. లోపలికి రాప్పా, బువ్వ తిందువు అంటారు. మూడు దినాల్లో ఆదోని ఖాళీ."

అంత ఇష్టమైన దొర రక్తం తాగేవాడే గానీ, ఈయన మాత్రం రక్తం చూస్తే నిలబడలేడు. ఒకసారి షుగరు పరీక్షకు వేలు చూపించి, సూది ఇంకా గుచ్చకముందే కుర్చీలోంచి జారిపోయాడు. వాళ్ళింట్లో ఉల్లిగడ్డ కూడా తినరు. ఆయన భార్య నాతో వాపోయేది: "ఉల్లిగడ్డ వాసన తగిలితే గిన్నె మార్సమంటాడమ్మా. ఆ రగతం తాగేటోన్ని మాత్రం దొర, దొర అని నెత్తిన పెట్టుకుంటాడు. ఇంకెవురికన్నా సెప్తే నవ్వుతారు." ఆయనకు వినబడేలాగే చెప్పేది. ఆయన పుస్తకంలోంచి తల ఎత్తేవాడు కాదు.

నేను ఉండేది ఆదోనిలో, ఉద్యోగం ఎమ్మిగనూరులో. మా లైబ్రరీకి శుక్రవారం సెలవు గానీ ఆదివారం తెరిచే ఉంటుంది. అందుకని ఆదివారం పొద్దున పదిహేను, ఇరవై మంది పాఠకులు కూడి పుస్తకాల గురించి మాట్లాడుకోవడం మొదలైంది. సావుకారి దానికోసం ప్రతి ఆదివారం నేనెక్కే బస్సే ఎక్కేవాడు. రెండేళ్ళ కిందట, ఆ నవలను సినిమా తీస్తున్నారనే వార్త వచ్చింది. దొర వేషం ఎవరిదో ఇంకా తేల్చలేదన్నారు. వాళ్ళు తేల్చకపోతే ఏం, మా వాళ్ళు తేల్చడానికి సిద్ధమయ్యారు.

మొదటి ఆదివారమే ఇద్దరు అభిమానులు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "ఈ గదిలో ఇక హీరోల పేర్లు ఎత్తడానికి లేదు. ఎత్తినవాళ్ళ కార్డు లాక్కుంటాను" అని బల్ల గుద్ది చెప్పాను. పేర్లు లేకుండా మాట్లాడుకోవాల్సి వచ్చేసరికి తమాషా మొదలైంది. బస్సు కండక్టరు ఒకాయన "ఆ పొడుగాయన, ఒక చేత్తో పదిమందిని ఎత్తి పడేస్తాడు సూడు, ఆయన" అన్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నర్సమ్మ, "ఎవురైనా సరే, పండ్లు బాగుండాల. కోరపండ్లు అతికిస్తే నిలబడాల గదా" అంది. వడ్డించేటప్పుడు పెద్దలను పలకరించినట్టు ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. సావుకారి అందరి మాటా విని, అందరి హీరోలనూ తీసిపారేశాడు. "ఆయన్ని నేను సూసినా. మొగం నిండా తేమే." "ఆ పిల్లోనికి ఇంగా గింజ గూడ ఊడలేదు." ఒకే ఒక్క నటుడు ఆయనకు ఆనాడు. పెద్ద కళ్ళు, తక్కువ మాటలు, వయసు మళ్ళిన మనిషి. పేర్లు లేవు గనక అందరం ఆయన్ని కండ్లాయన అనేవాళ్ళం.

సావుకారి పరీక్ష కూడా ఒక పద్ధతి ప్రకారం ఉండేది. బస్సులో ఫోన్లో సినిమా పెట్టి, శబ్దం తీసేసి, బొటనవేలితో నటుడి ముఖాన్ని ముక్కు కింది నుంచి మూసేవాడు. కళ్ళు మాత్రమే కనిపించాలి. అట్లా అరగంట చూసేవాడు. పక్క సీటు వాళ్ళు, "నోరు మూసినావేంది పెద్దాయనా, పాట ఇనబడకపాయ" అని గొడవ చేసేవారు. "పాటతో నాకేం పనప్పా, నేను సూసేది పింజ" అని ఈయన జవాబు. వాళ్ళు కిటికీ వైపు తిరిగేవారు.

ఎదురు నిలిచింది ఒక్క మేస్త్రి. మేస్త్రి ఎమ్మిగనూరు నేతగాడు, సావుకారి కన్నా రెండేళ్ళు పెద్ద. వాళ్ళిద్దరినీ కలిపింది కూడా ఆ దొరే. సీరియల్ వచ్చే రోజుల్లో పత్రిక రైల్లో ఆదోనికి ముందు చేరేది. రైలు లేని ఎమ్మిగనూరుకు మరునాటికి గానీ వచ్చేది కాదు. మేస్త్రి ఆ ఒక్క రోజు కూడా ఆగలేక, బస్టాండులో డ్రైవర్లను బతిమాలి ఆదోని నుంచి పత్రిక తెప్పించుకోవాలని చూసేవాడు. అది సావుకారి చెవిన పడింది. అప్పటినుంచి తాను పొద్దున చదివేసి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేత తన పత్రికే పంపేవాడు. ముఖాలు చూసుకోకుండానే ఏడాది గడిచింది. తర్వాత ముఖాలు చూసుకున్నారు, ఆ మీదట ముప్పై ఏళ్ళు పోట్లాడుకున్నారు.

మేస్త్రికి చదువు రాదు. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, బడికి పోయే కూతురు గట్టు మీద కూర్చుని పైకి చదివేది. దొర ఊళ్ళోకి దిగాడంటే మగ్గం చప్పుడు ఆగిపోయేది. లోపల వంట చేసుకుంటున్న భార్య, "ఏమే, వచ్చినాడా?" అని అడిగేదట. కూతురికి పెళ్ళయి అదే ఊళ్ళో జాకెట్లు కుట్టుకుంటూ ఉన్నా, ఏడాదికి ఒకసారన్నా వచ్చి ఆ నవల మొదటి నుంచి చదివి వినిపించడం మాత్రం మానలేదు. అట్లా విని విని మేస్త్రికి దొర అంటే ఒక గొంతు. ఆయన నటులను కళ్ళు మూసుకుని పరీక్ష చేసేవాడు. నెమ్మదిగా, లోపలి నుంచి మాట్లాడే ఇంకో నటుడు ఆయనకు నచ్చాడు. ఆయన గొంతాయన అయ్యాడు. ఒకరు ఫోన్ శబ్దం తీసేసి చూడడం, ఒకరు కళ్ళు మూసి వినడం. ఇద్దరినీ పక్కపక్కన చూస్తే ఆ ఆదివారానికి అదే చాలనిపించేది.

ఆ కథలో మా వాళ్ళందరికీ నోటికి వచ్చిన చోటు ఒకటుంది. కరువు కాలం. దొరకు ఎన్నో రోజులుగా ఆహారం లేదు. చూపు ఆనని ముసలామె గుడిసె ముందు నిలబడతాడు. ఆమె ఎవరో ఆకలిగొన్న మనిషి అనుకుని, లోపలికి రమ్మంటుంది. ఉన్న కాస్త సంగటి చెరిసగం తిందామంటుంది. పిలుపు వచ్చింది, గడప దాటొచ్చు, ఆకలి తీరిపోతుంది. దొర ఆమెను చూస్తాడు, ఆ సంగటి ముద్దను చూస్తాడు, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు. కరువులు చూసిన మా నేల మీద ఆ దొరను అంతగా ఎందుకు ప్రేమించారంటే ఇందుకే.

ఒక ఆదివారం వాదన ఆ గుడిసె ముందుకు వచ్చింది.

"ఆడ మాట యాడుండాదప్పా?" అన్నాడు సావుకారి. "సూపే గదా ఉండేది. ఆకలంతా కండ్లల్లోనే కనబడాల. అందుకే కండ్లాయన."

"మాట లేకపోవడమేంది సావుకారీ?" అన్నాడు మేస్త్రి. "వద్దులేమ్మా అంటాడు గదా. ఆ ఒక్క మాట కోసమే గదా నేను గొంతు, గొంతు అని కొట్టుకునేది."

"వద్దులేమ్మా అని యాడుండాది? పుస్తకంలో అట్లాంటి మాట లేదు."

"ఉండాది. నేను నూరుసార్లు ఇన్నా."

తప్పు నాది. నోరు మూసుకుని కూర్చోకుండా, బీరువాలోంచి లైబ్రరీ కాపీ తీసి ఆ పేజీ పైకి చదివాను. దొర చూశాడు, తిరిగాడు, వెళ్ళాడు. మాట లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇంగోసారి సూడమ్మా" అన్నాడు మేస్త్రి చిన్నగా. మళ్ళీ చూశాను. లేదు.

గెలిచిన ఊపులో ఉన్నాడు సావుకారి. "నువ్వు సదివినావా ఏమప్పా? ఇన్నావు. సదివినోనికి, ఇన్నోనికి తేడా ఉండదా?" అనేశాడు.

మేస్త్రి లేచి, కండువా భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

మూడు నెలలు గడిచాయి. సావుకారి మాత్రం ప్రతి ఆదివారం వచ్చేవాడు. మేస్త్రి కూర్చునే కుర్చీ మీద తన నల్ల అట్ట పుస్తకం పెట్టి, ఎవరైనా అటు వస్తే "ఆడ మనిషుండాడు" అనేవాడు. వాదించడం మానేశాడు. కండక్టరు తన పొడుగాయన గురించి ఎంత పొగిడినా, "ఊ, బాగుండాడు" అని ఊరుకునేవాడు. ఆయన నోటి వెంట ఒక నటుడు బాగున్నాడనే మాట రావడంతో మాకు భయం వేసింది. బస్సులో ఫోన్ తీయడమూ మానేశాడు.

"మేస్త్రికి జరమా తల్లీ?" అని ఒక ఆదివారం బస్సులో అడిగాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"జ్వరం కాదు, రోషం. మీరు పోయి తప్పయిందని చెప్పరాదా?"

"దలారిని తల్లీ. ఒకసారి నోట్లో నుంచి వచ్చిన మాట ఎనక్కి తీసుకుంటే రేపు యార్డులో నన్ను ఎవురు నమ్ముతారు? నలబై యేండ్లలో ఒక్కసారి గూడ ఎనక్కి తీసుకోలేదు."

నాకు కోపం వచ్చింది. మూడు నెలల కోపం, అందులో సగం నా మీద నాకు ఉన్నది. "అది పత్తి మాట సావుకారీ. ఇది మనిషి మాట. ఇంత తెలిసీ కదలకుండా కూర్చున్నారంటే మీకే పింజ లేదు" అన్నాను.

ఆ మాట ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. ఎమ్మిగనూరు బస్టాండులో దిగాక నేను లైబ్రరీ వైపు తిరిగితే, "అటు గాదు, మేస్త్రి ఇంటికి పోదాం పా" అన్నాడు. లైబ్రరీ తాళాలు దారిలో ఎదురైన అటెండరుకు ఇచ్చి పంపి ఆయన వెంట నడిచాను.

మేస్త్రి మగ్గం గుంటలో ఉన్నాడు. మమ్మల్ని చూశాడు, తల వంచుకుని నేస్తూనే ఉన్నాడు. ఆయన భార్య ఎదురొచ్చి, "రాండి సావుకారీ, లోపలికి రాండి" అంది. సావుకారి గడప అవతలే నిలబడ్డాడు. "నువ్వు గాదమ్మా. ఆయప్ప పిలిస్తేనే వస్తా."

ఎండలో నిలబడ్డ ఆ మనిషిని, ఆ గడపను చూసేసరికి నాకు నవ్వు తన్నుకొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మగ్గం కాసేపు ఆడింది, ఆగింది.

"పిలిస్తే వచ్చి రగతం తాగుతావేమో" అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా.

"రగతం సూస్తే పడిపోతా గదప్పా, నీకు తెల్దా?"

మేస్త్రి మూతి ఒక పక్కకు పోయింది. నవ్వు ఆపుకున్నాడని అందరికీ తెలిసింది. "రాప్పా. ఎండలో నిలబడి నా మీద పాపం ఎందుకు కడతావు?" అన్నాడు.

సావుకారి వచ్చి మగ్గం గట్టు మీద కూర్చున్నాడు. తప్పయింది అనలేదు. చంకలోని నవల తీసి, ఆ రోజు పుట్టింటికి వచ్చి జాకెట్టు కుట్టుకుంటున్న మేస్త్రి కూతురి చేతికిచ్చాడు. "ఆ గుడిసె కాడిది సదువమ్మా. మీ నాయన ఇన్నట్టు నేనూ ఇంటా" అని కళ్ళు మూసుకున్నాడు. నటుల నోళ్ళు మూసి కళ్ళు చూసిన మనిషి, తన కళ్ళు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

ఆమె చదివింది. నేను లైబ్రరీలో చదివినట్టు కాదు. ముసలామె గొంతు వేరు, గాలి చప్పుడు వేరు. ముసలామె పిలిచింది, సంగటి చూపించింది. అక్కడికి వచ్చేసరికి మేస్త్రి కూతురు ఆగింది. వాళ్ళ నాయన ముఖం చూసింది. మూడు నెలల కిందట ఏం జరిగిందో ఆమెకు తెలుసు. మెల్లగా, అచ్చులో ఉన్నట్టే చదివింది. దొర చూశాడు, తిరిగాడు, వెళ్ళాడు. మేస్త్రి నూలు చుట్టిన నాడె చేతిలో పట్టుకుని గుంటలోకి చూస్తున్నాడు.

సావుకారి కళ్ళు తెరిచాడు.

"ఒక మాట ఇడ్సిపెట్టినావు" అన్నాడు.

"అది బుక్కులో లేదు మామా" అంది ఆమె. ఏడుపు గొంతులోకి వచ్చింది. "చిన్నప్పుడు ఆడికి వచ్చేసరికి నాయన మగ్గం ఆపేసి, ఏమన్నాడమ్మా, దొర ఏమన్నాడు అని అడిగినాడు. ఏమీ అనలేదు అని సెప్పడానికి మనసు రాలేదు. వద్దులేమ్మా అన్నాడు నాయనా అని సెప్పినా. ఇంగ ప్రతిసారీ అట్లే సదివినా. తప్పు నాది."

మేస్త్రి కూతురి వైపు తిరిగి చూశాడు. ముప్పై ఏళ్ళుగా తనకిష్టమైన మాట ఎక్కడిదో ఆయనకు అప్పుడు తెలిసింది.

సావుకారి పుస్తకం తీసుకున్నాడు. నా వైపు చెయ్యి చాపి, "పెన్నియ్యి తల్లీ" అన్నాడు. ఇచ్చాను. ఏం చేస్తాడో నాకు అందలేదు. ఒక్క గీత కూడా పడని ఆ పుస్తకంలో, ఆ రెండు వాక్యాల మధ్య, చిన్న అక్షరాలతో ఒక మాట రాశాడు. సిరా ఆరేదాకా ఊది, మళ్ళీ ఆమె చేతికిచ్చాడు. "ఇప్పుడు సదువు. ఇప్పుడుండాది."

ఆమె చదివింది. "వద్దులేమ్మా."

అంతసేపూ తప్పయిందని ఆ ఇద్దరిలో ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. మేస్త్రి కండువాతో ముఖం తుడుచుకుని, "అయితే గొంతాయనే అని ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు.

"యాడిదప్పా? మాట ఒప్పుకున్నా గానీ మనిషిని ఒప్పుకోలే. ఆ మాట గూడ కండ్లతోనే అనొచ్చు" అన్నాడు సావుకారి. మేస్త్రి భార్య తెచ్చిన బొరుగులు తింటూ మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. నా లైబ్రరీ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. నిజానికి నాకూ లేదు.

ఆ తర్వాత వాళ్ళ పోట్లాటలు మునుపటికన్నా పెరిగాయి. సినిమా మాత్రం ఎందుకో ఆగిపోయింది. పోయినేడు వానలు మొదలయ్యే వేళ, పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ సావుకారి వెళ్ళిపోయాడు. రక్త పరీక్షలన్నీ ఎగ్గొట్టిన మనిషి, సూది గుచ్చించుకోకుండానే పోయాడని ఆయన భార్య ఏడుస్తూనే ఒకసారి నవ్వింది. నాకు ఆయనంటే ఎంత ఇష్టమో ఆ రోజే తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఆ పింజ మాట అనకపోదునేమో. కాదులే, అయినా అని ఉందును.

ఆ సినిమా మళ్ళీ మొదలవుతోందని మొన్న వార్త వచ్చింది. మా వాళ్ళు ఊరుకుంటారా? పాఠకుల తరఫున సినిమావాళ్ళకు ఉత్తరం రాద్దామని, ఎవరి పేరు రాయాలో చేతులెత్తి తేల్చుకుందామని నిన్న ఆదివారం కూడారు. ఏడాదిగా లైబ్రరీ మెట్లు ఎక్కని మేస్త్రి, కూతురి భుజం పట్టుకుని వచ్చాడు. మిగతా పేర్లన్నీ పక్కకు పోయి చివరికి ఇద్దరే మిగిలారు.

"కండ్లాయనకు చేతులెత్తండి" అన్నాను.

లెక్కపెడుతూ పోతున్నాను. మేస్త్రి చెయ్యి పైకి లేచింది. పొరపాటు పడ్డాడేమో అనుకుని, "మేస్త్రీ, ఇది కండ్లాయనకు" అన్నాను. "తెల్సులేమ్మా, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

"గొంతాయనకు?"

మేస్త్రి చెయ్యి మళ్ళీ లేచింది.

"ఏమప్పా మేస్త్రీ, ఇప్పుడే గదా ఎత్తినావు!" అన్నాడు కండక్టరు. "ఒక మనిషికి ఒకటే ఓటు."

"ఒకటే ఏసినా. ఇది నాది."

"మరి అది?"

"అది ఆయప్పది" అన్నాడు మేస్త్రి. "ఆయప్ప రాలేకపాయ. నేను గాకుంటే ఆయప్ప ఓటు ఇంగెవురేస్తారు?"

కండక్టరు తల దించుకున్నాడు. నేను రెండూ లెక్కలో వేసుకుని కూడి చూశాను. మళ్ళీ కూడి చూశాను. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఉత్తరంలో ఎవరి పేరు రాయాలో తేలలేదని చెప్పాను. నర్సమ్మ విసుక్కుంది. మేస్త్రి ముఖంలో మాత్రం ఏడాదిగా లేని వెలుగు వచ్చింది.

"తేలకుంటే మేలేమ్మా" అన్నాడు. "తేలిపోతే ఇంగ ఆయప్పతో నేనేం మాట్లాడాల?"